నివేదిక కింద సంతకం



పీడక ప్రభుత్వాలకు కొలువు చేసిన శాస్త్రవేత్తలు అనగానే మనకు జర్మనీ గుర్తుకొస్తుంది. ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మన పొలాల్లో పడే యూరియా ఆ దారినే వస్తోంది. అదే మనిషి 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర శత్రువుల కందకాల మీదికి క్లోరిన్ వదిలించాడు. 1933లో యూదు సహోద్యోగులను తీసేయమని నాజీలు ఆదేశిస్తే పదవి వదులుకుని, మరుసటి ఏడాది పరాయి దేశంలో కన్నుమూశాడు. అయితే గుజరాత్‌లోని బార్డోలీకి వచ్చి హేబర్ గురించే మాట్లాడుకుంటే మనం తేలిగ్గా తప్పించుకున్నట్టే. విషవాయువు చేసిపెట్టమని మనలో చాలామందిని ఎవరూ అడగరు. మనల్ని అడిగేది ఒక నివేదిక, దాని కింద ఒక సంతకం.

బార్డోలీ బాధ మొదలైంది అలాంటి నివేదికతోనే. ముప్పై ఏళ్ల గడువు తీరవస్తోందని, భూమిశిస్తు సవరణ కోసం బొంబాయి ప్రభుత్వం ఎం.ఎస్. జయకర్ అనే డిప్యూటీ కలెక్టరును నియమించింది. తపతీ లోయ రైలు వచ్చింది, పక్కా ఇళ్లు లేచాయి, పాడి పశువులు పెరిగాయి, ధరలు ఎక్కాయి, కనుక రైతు బాగుపడ్డాడని తేల్చి, శిస్తు సుమారు 30 శాతం పెంచవచ్చని ఆయన రాశాడు. ఆయన పైఅధికారి, సెటిల్మెంట్ కమిషనర్ ఆండర్సన్‌కు ఈ వాదన నచ్చలేదు. కౌలు రేట్లే అసలు ప్రమాణం అన్నాడు. అని, అదే నివేదికకు జతచేసిన కౌలు పట్టికలను నమ్మి 29 శాతం దగ్గర ఆగాడు. ప్రభుత్వం దాన్ని 22 శాతానికి దించి ఆజ్ఞ వేసింది.

ఆ తర్వాతిది మీకు తెలిసిందే. 1928 ఫిబ్రవరిలో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో శిస్తు నిరాకరణ, జప్తులు, గేదెలను ఇళ్లలోనే కట్టేసుకుని తలుపులు మూసుకున్న కుటుంబాలు. ఆగస్టులో రాజీ కుదిరింది, ఆ తర్వాత విచారణ మొదలైంది. జడ్జి బ్రూంఫీల్డ్, రెవెన్యూ అధికారి మాక్స్‌వెల్ ఊరూరా తిరిగి రైతులను అడిగారు. మహదేవ్ దేశాయ్, నరహరి పరీఖ్ ఊళ్ల లెక్కలు పట్టుకుని వాళ్ల ముందు కూర్చున్నారు. ఆ పట్టికల్లోని కౌళ్లను గ్రామాల్లో సరిగ్గా విచారించనే లేదని బయటపడింది. పెంపు చివరికి 6.03 శాతానికి వచ్చింది.

ఇరవై రెండుకూ ఆరుకూ మధ్య ఉన్నది గణితంలో పొరపాటు అనుకోవడానికి నాకు మనసొప్పదు. జయకర్ దుర్మార్గుడని కూడా నేను అనను. పెంపు ఉండాలన్నది ముందే ఖాయమైన ఆఫీసులో, పెంపును సమర్థించే అంకెను తిరిగి తూచాలన్న ఆలోచనే రాదు. అంకె తగ్గితేనే సంజాయిషీ అడుగుతారు. శాస్త్రం తెలిసినవాడు రాజీపడేది ఎక్కువగా ఇక్కడే. అబద్ధం రాయడు, అడగవలసిన ప్రశ్న అడగడు. పట్టికలో గడి నిండుతుంది, రైతు గడప తొక్కడం మిగిలిపోతుంది. 

మరి ఆ కొలువులో ఉంటే ఇంకేం చేయగలం అంటారా? దీనికి జవాబు మన రాయలసీమలో ఉంది. ధాత నామ సంవత్సరపు కరువులో, 1877 ఆరంభంలో, వైస్రాయ్ లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. మూడేళ్ల ముందు బీహార్ కరువులో బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినందుకు దుబారా చేశాడని నిందపడ్డ మనిషి ఆయన. ఈసారి సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో (అనంతపురం అప్పటికి బళ్లారిలోదే) ఎముకలగూళ్లయిన మనుషులు ఆ కూలికే పనిచేయాల్సి వచ్చింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ ప్రభుత్వపు జీతగాడే. పనిచేసే దేహానికి ఈ తిండి చాలదని వైద్యశాస్త్రం ఆధారంగా ఆయన వాదించాడు, ఆ వాదన అచ్చులోకీ వెళ్లింది. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే లక్షల మంది పోయారు. ఆయన వాదన సామ్రాజ్యాన్ని కదిలించలేదు, కొందరి కంచంలో మాత్రం అన్నం పెరిగింది. అది నా దృష్టిలో చిన్న విషయం కాదు.

అయితే ఒకసారి నిజం చెప్పినవాడు ఎప్పుడూ నిజం పక్షమే అని కూడా నమ్మలేం. గాంధీజీకి 1922లో ఆరేళ్ల శిక్ష వేసిన జడ్జి ఆ బ్రూంఫీల్డే. బార్డోలీ రైతు మాట విన్న మాక్స్‌వెల్ 1942లో, క్విట్ ఇండియాను అణచిన రోజుల్లో, వైస్రాయ్ కౌన్సిల్లో హోం సభ్యుడు. ఆయన ముందు లెక్కలతో నిలిచిన మహదేవ్ దేశాయ్ ఆ ఆగస్టు 15న ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ప్రాణం విడిచాడు.

అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ముంపు జాబితా కానీ, పంట నష్టం అంచనా కానీ, పర్యావరణ నివేదిక కానీ, ఇక్కడ సమర్పించే ప్రతి పత్రంలోనూ ఎవరు లెక్కించారు, ఎవరు డబ్బిచ్చారు, ఆ లెక్కలో ఉన్న మనుషులకు దాన్ని వాళ్ల భాషలో చదివి వినిపించారా అన్నది మొదటి పేజీలోనే రాయాలి. కార్నిష్ వాదనలనూ బార్డోలీ విచారణ నివేదికనూ తెలుగులోకి తెచ్చే పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం చర్చలో మీ అభ్యంతరాలు వింటాను.