న్యాయశాస్త్ర విద్యార్థులు – కళాశాల మార్పు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

విద్యానిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యాప్రశంసాపరములైన శ్లోకములు చదువుట మావంటి సంస్కృతోపాధ్యాయులకు సులభమే గాని, నేడు ఆ పని చేయబోము. మన పిల్లలలో న్యాయశాస్త్రము చదువబోయి, మొదటి సంవత్సరముననే మార్కులు తగ్గి, ఫీజు బకాయిపడి, వేరొక కళాశాలకు మారుట యెట్లని మా యింటికి వచ్చువారు ఏటేట కొందరుందురు. వారి సంగతియే సభవారి యెదుట పెట్టుచున్నాము.

మార్కులు తగ్గిన బాలుని బుద్ధిమాంద్యము గలవాడని తండ్రులు తలచెదరు. మేమట్లు తలపము. ఇంటర్మీడియెటు వరకు తెలుగున చదివినవాడు ఒక్కసారిగా కాంట్రాక్టు చట్టమును, రాజ్యాంగమును ఇంగ్లీషులో చదువవలసివచ్చును. ‘కన్సిడరేషన్’ అనగా ఆలోచన యని నిఘంటువు చెప్పును. కాంట్రాక్టు చట్టమున దానికి ప్రతిఫలమని యర్థము. ఇట్టి మాటలు పుటకు పది తగిలినచో వాడేమి చేయును? వ్యాకరణమున పారిభాషిక సంజ్ఞలు తెలియనివానికి సూత్రము బోధపడనట్లే ఇదియును. కళాశాల మారినంతమాత్రమున ఈ కష్టము తీరదు; తప్పిన పేపర్లు కూడ వెంట వచ్చును.

కళాశాల మారుట అపకీర్తి యని కొందరికి శంక కలదు. అది వట్టి భ్రమ. 1938లో వందేమాతర గీతము పాడిన కారణమున ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోని వందలాది విద్యార్థులు బహిష్కృతులైరి. నాగపుర విశ్వవిద్యాలయము వారిలో పలువురిని ఆదరించి చేర్చుకొనెను. నాటి కరీంనగరు జిల్లాలోని వంగరయందు పెరిగిన పి. వి. నరసింహారావుగారు అట్లు తరలినవారిలో నొకరు. పిమ్మట వారు పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, నాగపురమున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. 1957లో మంథనినుండి శాసనసభకును, 1991లో ప్రధానమంత్రి పదవికిని వచ్చిరి. (ఆదిలాబాదువారికి నేటికిని హైదరాబాదుకంటె నాగపురమే దగ్గర.) అయినను ఈ దృష్టాంతమును మన పిల్లలు పూర్తిగా తమకన్వయించుకొనరాదు. వారిని వెడలగొట్టినది పాట గాని మార్కులు గావు.

ఇక నిబంధనల మాట. భారత బార్ కౌన్సిలు 2008లో చేసిన నియమముల ప్రకారము ఐదేండ్ల చదువున నడుమ ప్రవేశము లేదు. నడుమ విడిచినవానికి సగము పట్టమును లేదు. కావున ఐదేండ్ల కోర్సులో రెండేండ్లు గడపి, మూడేండ్ల కోర్సులో రెండవ సంవత్సరమున చేరుదమనుకొనుట వ్యర్థము. వాడు ముందు డిగ్రీ ముగించి, లాసెట్ వ్రాసి, మొదటినుండి మొదలిడవలెను. అదే కోర్సులో కళాశాల మారదలచినచో ఖాళీ యుండవలెను. ఇరు కళాశాలలును, విశ్వవిద్యాలయమును సమ్మతింపవలెను. విశ్వవిద్యాలయమే మారినచో పాఠ్యప్రణాళికలు సరిపోవునా యను ప్రశ్న మరియొకటి.

ఫీజు విషయము ఇంతకంటె కఠినము. ప్రభుత్వమిచ్చు ఫీజు రీయింబర్సుమెంటు కన్వీనరు సీటువారికే గాని మేనేజిమెంటు కోటావారికి లేదు. దానికిని ఆదాయ పరిమితి కలదు, నూటికి 75 హాజరు కావలెను. ఇది తెలియక తొందరపడి సీటు కొన్న తండ్రులు మన గ్రామములలో నెందరో! అర్హులకైనను సొమ్ము సకాలమున రాదు. 2025 నవంబరులో ఈ బకాయిలకొరకే ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసినవి. ప్రభుత్వమునకును కళాశాలకును నడుమ నలుగువాడు విద్యార్థి. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి. 2018లోనే ప్రకటించినను, బకాయి తీరువరకు ఇయ్యమనువారు నేటికిని కలరు.

మేమెరిగిన యొక బాలిక తల్లి జగిత్యాల ప్రాంతమున బీడీలు చుట్టి జీవించును. బాలిక రెండు పేపర్లు తప్పెను, ఫీజు నిలిచెను, కళాశాలవారు సర్టిఫికెట్లు ఇయ్యరైరి. ఆమెకు కళాశాల మారవలెనని పట్టుదల. మేనమామకు పెండ్లి చేయవలెనని పట్టుదల. మన పెద్దలిద్దరు బకాయి సొమ్ము బదులిచ్చి రసీదు తీసికొనిరి. మన కులపు వకీలొకరు ఆదివారములందు ఆమెకు పాఠము చెప్పిరి. తప్పిన రెండును గట్టెక్కినవి. తరువాత మార్పు ప్రసక్తియే ఆమె యెత్తలేదు.

కావున మా మనవి యిది. మన విద్యానిధి ఇంతవరకు మొదటి తరగతి వచ్చినవారికే బహుమతులిచ్చుచున్నది. వారికి శాలువలు కప్పువారు మరియెందరో కలరు. ఈ యేటినుండి నిధిలో సగము తప్పినవారి బకాయిలకు వడ్డీలేని అప్పుగా నియ్యవలెను. సొమ్ము విద్యార్థి చేతికి గాక నేరుగ కళాశాలకే చెల్లించి రసీదు పొందవలెను. కరీంనగరము, మంచిర్యాల, నిర్మల, ఆదిలాబాదు కోర్టులలోని మన వకీళ్లు వారమునకొక పూట చదువు చెప్పుటకు ఒప్పుకొనవలెను. కళాశాల మార్పు కోరు ప్రతి విద్యార్థియు దరఖాస్తు పెట్టకముందే వారిలో నొకరిని, సంక్షేమశాఖ కార్యాలయమును సంప్రదించునట్లు చూడవలెను.

గత సంవత్సరము ఈ వేదికమీదనే గోపుర నిర్మాణమునకు ధారాళముగ నిచ్చిన దాతలు మాకెదురుగ ఆసీనులై యున్నారు. కోశాధికారిగారు వేదిక ప్రక్కనే రసీదు పుస్తకముతో కూర్చుండియున్నారు.