ఫ్లూ జ్వరం, జుమా వరుస, తోటివారి హక్కు

  

వానలు మొదలయ్యాయి. అమీర్‌పేట హాస్టళ్లలో, పంజగుట్ట కార్యాలయాలలో జలుబు, దగ్గు, జ్వరం మళ్లీ తలెత్తాయి. మన దేశంలో ఫ్లూ సాధారణంగా ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుండి మార్చి వరకు మరొకసారి. ఈ జ్వరంతోనే కొందరు సోదరులు జుమాకు వచ్చి, మొదటి వరుసలో నిలబడి, నమాజు ముగిసేవరకు దగ్గుతూ ఉన్నారు. ఎందుకు వచ్చారని అడిగితే, జుమా తప్పిపోతుందన్న భయంతో వచ్చామంటున్నారు. ఆ భయం వెనుక ఉన్న భక్తి గౌరవించదగినదే. అయితే ఆ వరుసలోనే డెబ్భై ఏళ్ల వృద్ధుడు ఉన్నాడు, మధుమేహంతో బాధపడేవాడు ఉన్నాడు, నిమ్స్‌లో తన తల్లికి చికిత్స చేయిస్తూ నమాజు కోసం ఇటు వచ్చినవాడూ ఉన్నాడు. వారి హక్కు మాటేమిటి?

2020 మార్చిని గుర్తు తెచ్చుకోండి. మార్చి 22న మెట్రో ఆగిపోయింది. ఎర్ర లైనూ నీలం లైనూ కలిసే అమీర్‌పేట స్టేషన్ మూతబడింది. సెప్టెంబరు 7 వరకు తెరుచుకోలేదు. శిక్షణ సంస్థలు మూతబడ్డాయి. మస్జిదులలో జమాఅత్ నమాజులు నిలిచిపోయాయి. జూన్ 8న ప్రార్థనా స్థలాలు తెరిచేవరకు మనం జుమా రోజున ఇళ్లలో జుహర్ చేసుకున్నాం. హిజ్రీ 1441 నాటి రమజాన్ తరావీహ్‌లు కూడా ఇళ్లలోనే గడిచాయి. ముఖాలకు మాస్కులు, చేతులకు సబ్బు, మనిషికీ మనిషికీ మధ్య దూరం. ఇవన్నీ కరోనా కోసం చేసినవి. ఫ్లూ సంగతి ఎవరికీ గుర్తే లేదు.

కానీ ఫ్లూ కనుమరుగైంది. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్ నుండి జూలై వరకు నెలలు ఫ్లూ కాలంలోనివి. 2020లో ఆ నాలుగు నెలలలో ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా దేశాలలో 83,307 నమూనాలను పరీక్షిస్తే ఫ్లూ తేలినవి 51 మాత్రమే. అంతకు ముందు మూడేళ్లలో అదే కాలంలో పరీక్షించిన ప్రతి వంద నమూనాలలో సుమారు 14 ఫ్లూగా తేలాయి. పరీక్షలు చేయక పోవడం వల్ల ఫ్లూ కనబడలేదనడానికి అవకాశం లేదు. పరీక్షలు వేలల్లోనే జరిగాయి. అమెరికాలో 2019-20 ఫ్లూ కాలంలో దాదాపు 200 మంది పిల్లలు ఆ జ్వరంతో మరణించినట్లు నమోదైంది. మరుసటి ఏడాది నమోదైనది ఒక్క మరణం. ఫ్లూలో యమగటా అనే ఒక బి శాఖ ఉండేది. 2020 మార్చి తరువాత అది ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు. దానికోసం టీకాలో ఉంచిన భాగం ఇక అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023 సెప్టెంబరులో తేల్చారు.

అవే జాగ్రత్తలు కరోనాను ఆపలేక, ఫ్లూను ఎలా ఆపాయని మీలో కొందరికి సందేహం రావచ్చు. లెక్క తేలికైనదే. పదిమంది ఫ్లూ రోగులు సగటున పదమూడు మందికి అంటిస్తారనుకుందాం. తొలినాటి కరోనా రోగులైతే ఆ పదిమందే పాతికమందికి అంటించేవారు. మనుషుల కలయికలలో మూడోవంతు తగ్గిస్తే, ఫ్లూ సోకేవారు పదమూడు నుండి తొమ్మిదిమంది లోపుకు దిగుతారు; ఆ పరంపర నానాటికీ సన్నగిల్లి ఆరిపోతుంది. కరోనా పాతిక నుండి పదిహేడుకు దిగినా, ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పైగా ఫ్లూ పాత పరిచయమున్న వ్యాధి. చాలామంది శరీరాలు దానిని కొంతైనా ఎరుగును. అందుచేత ఫ్లూ గొలుసును తెంచడానికి చిన్న జాగ్రత్త కూడా పనిచేస్తుంది. ఏ జాగ్రత్త ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేము, అన్నీ ఒకేసారి అమలయ్యాయి కనుక.

ఇక్కడ ఒక మాట. వుజూ చేసేవారికి ఈ వ్యాధులు సోకవని ఆ రోజులలో కొందరు వక్తలు ప్రచారం చేశారు. వుజూ శుభ్రతనిస్తుంది, పుణ్యాన్నిస్తుంది. చేతులు కడగడం వల్ల కొంత రక్షణ కూడా ఉంది. కానీ ఫ్లూ ప్రధానంగా శ్వాస ద్వారా, దగ్గు తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. మింబర్ మీదినుండి వైద్యం పేరిట లేని మాటలు పలకడం ధర్మానికి మేలు చేయదు.

ఆంక్షలు సడలగానే ఫ్లూ తిరిగి వచ్చింది. 2023 మొదటి నెలలలో హెచ్3ఎన్2 రకం దేశమంతటా వ్యాపించింది. జ్వరం మూడు రోజులలో తగ్గినా దగ్గు మూడు వారాలు వదలలేదు. ఆ మార్చిలో కర్ణాటకలో, హర్యానాలో ఒక్కొక్కరు దానితో మరణించినట్లు ప్రభుత్వం ధ్రువీకరించింది. కాబట్టి ఫ్లూ మాయమైనది శాశ్వతంగా కాదు, మనం తలుపులు మూసినంత కాలమే.

అలాగని మళ్లీ తలుపులు మూసుకొమ్మని చెప్పడం లేదు. ఆ మూసివేత ఖరీదు మన వీధులే చెల్లించాయి. 2020 మార్చి 25న హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని విద్యార్థులు పంజగుట్ట, ఎస్సార్ నగర్ పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం వందలుగా బారులు తీరారు. ఆ పత్రాలు పట్టుకొని వెళ్లినవారిలో ఎందరో ఆంధ్ర సరిహద్దున గరికపాడు వద్ద ఆగిపోయారు. దినకూలీలు, ఆటో డ్రైవర్లు ఎలా బతికారో మీకు తెలుసు. మహమ్మారి నాటి కఠిన చర్య ఏటేటా వచ్చే జ్వరానికి తగదు. తగినది దానిలోని తేలికైన భాగం: జ్వరమున్నవాడు నాలుగు రోజులు జనంలో కలవకుండా ఉండడం.

ఈ తేలికైన భాగం మనకు కొత్తదేమీ కాదు. ప్లేగు సోకిన ఊరిలోకి వెళ్లవద్దనీ, అది మీరున్న ఊరిలోనే తలెత్తితే పారిపోవద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా దారిలో సర్గ్ అనే చోట ప్లేగు వార్త విని వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, తాము విధి నుండి విధివైపుకే సాగుతున్నామని ఆయన బదులిచ్చారు. అంటువ్యాధి లేదనే హదీసును చూపి కొందరు వాదిస్తారు. వ్యాధి అల్లాహ్ అనుమతి లేకుండా స్వశక్తితో సోకదని దాని భావమని విద్వాంసులు వివరించారు. రోగమున్న ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్నవాటి వద్దకు తేరాదని ఆదేశించినదీ అదే ప్రవక్త (స). పచ్చి వెల్లుల్లి తిన్నవాడు మస్జిదుకు దూరంగా ఉండాలని కూడా ఆయన చెప్పారు. వాసన వల్ల కలిగే ఇబ్బందికే ఈ నిబంధన ఉంటే, ప్రాణం మీదికి తెచ్చే దగ్గు విషయంలో ఎంత జాగ్రత్త అవసరం!

ఇక జుమా సంగతి. అలక్ష్యంతో వరుసగా మూడు జుమాలు వదిలినవాని హృదయంపై ముద్ర పడుతుందన్న హెచ్చరిక నిజమైనదే. అందులో అలక్ష్యం అన్న పదాన్ని గమనించండి. జుమా విధి నుండి రోగికి మినహాయింపు ఉందని అబూ దావూద్ హదీసు స్పష్టంగా చెబుతున్నది. జ్వరమున్నవాడు ఇంట్లో నాలుగు రకాతుల జుహర్ చేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యం రోగి పద్దులో వ్రాయబడుతుందన్న శుభవార్త బుఖారీలో ఉంది. జ్వరం తగ్గించే మాత్ర వేసుకోకుండానే ఇరవైనాలుగు గంటలు జ్వరం రానప్పుడు తిరిగి రండి. దగ్గు ఇంకా ఉంటే మాస్కు ధరించి, చివరి వరుసలో కిటికీ పక్కన నిలబడండి. ముసాఫహా చేయకుండా సలాం చెబితే స్నేహం తరిగిపోదు. దైవప్రవక్త (స) తుమ్మినప్పుడు చేతితోనో వస్త్రంతోనో ముఖం కప్పుకునేవారు.

దుకాణాలు, కార్యాలయాలు, శిక్షణ సంస్థలు నడిపే సోదరులతో ఒక మాట చెప్పాలి, కొంచెం గట్టిగానే. సెలవు పెడితే కూలి పోతుందనుకున్న పనివాడు జ్వరంతోనే పనికి వస్తాడు. అతనికి ఇంట్లో ఉండమని నేను ఇక్కడినుండి బోధించి ప్రయోజనం లేదు. ఆ నాలుగు రోజుల జీతం మీరు కోయకుండా ఉంటేనే ప్రయోజనం. ఒక గదిలో ఆరుగురిని ఉంచే హాస్టల్ యజమానులు జ్వరం వచ్చిన కుర్రవానిని ఊరికి తరమకండి. ఒక గది ఖాళీగా ఉంచి, అతని పడక వద్దకే గంజి, అన్నం పంపండి. వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఏడాదికొకసారి తీసుకునే ఫ్లూ టీకా గురించి మీ వైద్యుణ్ణి అడగండి.

ఈ వారం నుండి మన మస్జిదులో జుమా వేళ కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. వాన జల్లు కొట్టినా రెండు వైపుల కిటికీలు మూయరాదని నిర్వాహకులను కోరాను. జుమాకు రాని పొరుగువాడు కనబడకపోతే నిందించకండి, ఫోను చేసి ఆరోగ్యం అడగండి.

ఓ అల్లాహ్! రోగులకు స్వస్థత ప్రసాదించు. నిమ్స్‌లో, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో మంచాలపై ఉన్నవారికి, వారి పక్కన మేలుకొని కూర్చున్నవారికి ఓర్పు ప్రసాదించు. ఆమీన్.