బొమ్మలో కనపడని మగ్గం

  

ఈ మధ్య మా మనవడు కంప్యూటర్లో ఒక పాత బొమ్మ చూపించాడు. లండన్ పట్నం బొమ్మ. 1616లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయింది. విస్షర్ అనే ఆయన పనితనం. నాలుగు రాగిరేకుల మీద చెక్కి, ముద్రించి, పక్కపక్కన అతికితే ఆరడుగులు దాటుతుంది. మన అద్దకం అచ్చులో ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది. ఇందులో గీసిన గాడిలో సిరా నిలుస్తుంది. అందుకే గీత వెంట్రుకంత సన్నంగా ఉంది.

మధ్యలో థేమ్స్ నది. నది నిండా ఓడలు, పడవలు. వంతెన మీద రెండువైపులా ఇళ్ళు. వంతెన గుమ్మం మీద, రాజద్రోహులని చంపి గడలకి గుచ్చిన తలకాయలు! ఖానాలు ఇరుకు కాబట్టి పెద్ద ఓడలు వంతెన దిగువనే ఆగేవి. సరుకు చిన్న పడవల్లో గట్టుకి చేరేది.

నేను ఆ బొమ్మలో మన వాళ్ళని వెతికాను. ఎందుకంటే అంతకి అయిదేళ్ళ ముందే, 1611లో, ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మన మచిలీపట్నం వచ్చింది, బట్టల కోసం. తరవాత వందేళ్ళూ మన అద్దకం బట్ట ఆ రేవులో దిగింది. కానీ బొమ్మలో ఓడ ఉంది, మగ్గం లేదు. నేసినవాడు ఎక్కడా లేడు.

ఇంకో సంగతి. 1719లో లండన్ నేతగాళ్ళు వీధుల్లో పడి, మన దేశపు అద్దకం కట్టుకున్న ఆడవాళ్ళ మీద సిరా పోశారు, బట్టలు చింపారు. చేసింది తప్పే. కాని వాళ్ళూ మనలాగే మగ్గం ఆగితే పొయ్యి వెలగనివాళ్ళు. 1721లో చట్టం వచ్చి ఆ బట్ట కట్టడమే నిషేధించారు. వందేళ్ళు తిరిగేసరికి మరమగ్గం వచ్చి ఆ దేశపు చేనేతవాడి కూడూ తీసింది. వాళ్ళూ గెలవలేదు, మనమూ గెలవలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఏడు మా సొసైటీకి పండగ ఆర్డరు వచ్చింది. చీరలు చాల్లేదు. ఒక వ్యాపారి మరమగ్గం చీరలు తెచ్చి, మీ ముద్ర వెయ్యండి చాలు అన్నాడు. నిజం చెప్తున్నా, నేను మెత్తబడ్డాను. కండెలు చుట్టే ఒక ముసలమ్మ అడిగింది, “ముద్ర మనదే నాయనా, మరి చెయ్యి ఎవరిది?” అని. నా నోట మాట రాలేదు. ఆర్డరు వదులుకున్నాం. ఆ పండక్కి బోనస్ ఇవ్వలేకపోయాం. నన్ను తిట్టినవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు.

అయినా నా మనవి ఒక్కటే. ప్రతి చీర మడతలో నేసినవాళ్ళ పేరు, ఊరు రాసిన చీటీ పెడదాం. షోలాపూరులో నేసినా, సేలంలో నేసినా సరే. నాలుగువందల ఏళ్ళ బొమ్మలో మనం లేకపోయాం. కనీసం మనం నేసిన చీరలోనైనా ఉందాం.