అసమరూప పాలిమర్ల గణనము

ఎవరి స్మృత్యర్థమీ ప్రసంగపు ధర్మనిధి యేర్పడినదో ఆ పెద్దలు ఉక్కునకు జీవితము నర్పించినవారు. వారి పేరిట పాలిమర్లను గూర్చి ప్రసంగించుట అప్రస్తుతమని కొందరికి దోపవచ్చును గాని, రైలు పట్టా ముక్కను మెరుగుపెట్టి, నైటాల్ అను ఆమ్లద్రావణముతో తడిపి, సూక్ష్మదర్శిని క్రింద జూచినవారికి ఆ సందేహము నిలువదు.

రైలు పట్టాలయందు ఫెర్రైటు, సిమెంటైటు పొరపొరలుగా నమరియుండును, దానినే పియర్లైటందురు. పరస్పరము గిట్టని రెండు గొలుసులను కొనకు కొన ముడివైచిన డైబ్లాక్ కోపాలిమరునందును అట్టి పొరలే కానవచ్చును. రూపమొకటే గాని పుట్టుక వేరు. ఉక్కు పొరల యెడము చల్లార్చు వేగమును బట్టి మారును. పాలిమరు పొరల యెడము సమతాస్థితియందు గొలుసు పొడవును బట్టి నిర్ణీతమగును. ఖండములు రెండును విడిపోజూచును, ముడి విడువనీయదు. ఆ పెనుగులాట ఫలితమే కొన్ని పదుల నానోమీటర్ల పొర. చోటుచోటునకు కూర్పు మారునట్టి యీ పదార్థమును గణితమున బట్టుట యెట్లు?

1965లో శామ్ ఎడ్వర్డ్స్ మార్గము చూపగా, 1975 నాటికి హెల్ఫాండ్ దానిని అసమరూప ద్రవములకు విస్తరించెను. లెక్కలేనన్ని గొలుసుల పెనవేతను ప్రక్కనబెట్టి, తక్కినవన్నియు గల్పించిన సగటు క్షేత్రమున ఒక్క గొలుసు సంచరించుచున్నదని భావించినచో, దాని విన్యాసము ఉష్ణవ్యాపన సమీకరణమును బోలినదానికి లోబడును. కాలమునకు బదులు గొలుసు వెంబడి దూరము నిలుచును. అయితే సాంద్రతను నిర్ణయించునది క్షేత్రము, క్షేత్రమును నిర్ణయించునది సాంద్రత. కావున ఊహించి, సాధించి, సరిదిద్ది, రెండును పొసగువరకు మరల సాధింపవలెను.

విచిత్రమేమనగా, ఈ పనికి గావలసిన తక్కిన సాధనములును 1965లోనే వెలువడినవి: కూలీ, ట్యూకీల శీఘ్ర ఫోరియర్ పరివర్తనము, గడచిన యత్నముల దోషములను మేళవించి తదుపరి యత్నమును నిర్ణయించు అండర్సన్ పద్ధతి. ఒక్క యేటనే పుట్టిన యీ మూడును కలిసికొనుటకు నలువదేండ్లకు కొంచెము తక్కువగా బట్టినది! 2002లో రాస్ముసెన్, కలోసాకస్‌లు ప్రతి యడుగునందును క్షేత్రప్రభావమును వాస్తవావకాశమునను, వ్యాపనమును ఫోరియర్ అవకాశమునను గుణకారమాత్రముగా సాధించిరి. ప్రక్కకు 64 బిందువులు గల ఘనమున 2,62,144 బిందువులుండును. భేదసమీకరణములతో ఇంతటి జాలమును త్రిపరిమాణమున సాధించుట ఎంత ప్రయాసమో చేసినవారెరుగుదురు. అండర్సన్ పద్ధతి 2004లో తోడైనది.

అంతకుముందు 1994లో మాట్సెన్, షిక్‌లు సౌష్ఠవమును ముందే నిర్ణయించుకొని గైరాయిడ్ అను త్రిపరిమాణపు అల్లిక నిర్మాణము స్థిరమని చూపిరి. 1999లో డ్రోలే, ఫ్రెడ్రిక్సన్‌లు ఏ సౌష్ఠవమును దలపక యాదృచ్ఛిక క్షేత్రముతో ఆరంభించిరి. రెండవ మార్గము నిష్పక్షపాతమని మురియువారు గలరు; నేనంతగా మురియను. అట్టి యారంభము తరచుగా లోపభూయిష్ఠమైన నిర్మాణమున జిక్కుకొనును. కనుగొన్న రూపములన్నింటి స్వేచ్ఛాశక్తులను పోల్చిచూడనిదే తీర్పు చెప్పరాదు.

సగటు క్షేత్రమునకు హద్దులును గలవు. సమఖండముల గొలుసునందు పొరలేర్పడుటకు ఖండముల వికర్షణను గొలుసు పొడవుతో గుణించిన రాశికి లైబ్లర్ 1980లో గణించిన అవధి 10.495, గొలుసులు పరిమితమైనచో ఒడుదొడుకుల వలన అది హెచ్చునని 1987లో తేలినది.

గణించువారు పలువురు ఉపేక్షించునది గణనము జరుగు పెట్టె కొలత. అది పొరల సహజమైన యెడమునకు సరిపడనిచో పొరలు సాగియో ముడుచుకొనియో బలవంతముగా నమరును. యంత్రము మాత్రము సమాధానము దొరకినదనియే చెప్పును. కావున క్షేత్రముతోబాటు పెట్టె భుజములను గూడ మార్చుచు, స్వేచ్ఛాశక్తి కనిష్ఠమగు కొలతను వెదకవలెను.