రాజధాని నేల, సరిహద్దు నేల
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదు సంవత్సరాల పండుగనాడు పాఠశాల ఘనతను స్మరించడం ఆచారం. ఆ పని నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా నెరవేర్చారు. సాంఘిక శాస్త్రం బోధించినదానిని గనుక నేను ఒక పాఠం చెప్పి సెలవు తీసుకొంటాను. భారతదేశ పటం గోడకు తగిలించినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "టీచరుగారూ, ఢిల్లీ ఏ రాష్ట్రంలో ఉన్నది?" ఏ రాష్ట్రంలోనూ లేదన్న సమాధానం వారికి వింతగా తోస్తుంది. ఆ వింతలో మనకు సంబంధించిన విషయం కూడా ఉన్నది.

రాజధానికి ప్రత్యేకంగా నేల కేటాయించాలన్న ఆలోచన అమెరికాలో ఒక అవమానం నుండి పుట్టినది. 1783లో జీతాల బకాయిలకై సైనికులు ఫిలడెల్ఫియాలో జాతీయ ప్రతినిధుల సభను చుట్టుముట్టారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం రక్షణ కల్పించలేదు. ప్రతినిధులు ఊరు విడిచి పోవలసి వచ్చినది. ఒక రాష్ట్రం దయపై జాతీయ ప్రభుత్వం ఆధారపడరాదని పెద్దలు తలచారు. 1790లో చట్టం చేసి, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలు ఇచ్చిన నేలపై వాషింగ్టన్ నగరం నిర్మించారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్బోర్న్ నగరాల నడుమ పోటీ తెగకపోగా, 1911లో వేరుగా ఒక భూభాగం ఏర్పరచారు. 1927లో పార్లమెంటు కాన్‌బెర్రాకు తరలినది.

అయితే అందరిదీ అయిన నేలపై నివసించే వారి సంగతి ఏమిటి? వాషింగ్టన్ పౌరులకు దేశాధ్యక్షుని ఎన్నికలో ఓటు 1961లో రాజ్యాంగ సవరణ వలన గాని లభించలేదు. నేటికీ వారి ప్రతినిధికి దిగువ సభలో శాసనాలపై తుది ఓటు లేదు. మన ఢిల్లీ చరిత్ర కూడా ఇటువంటిదే. 1911 దర్బారులో రాజధాని కలకత్తా నుండి మారుతుందని ప్రకటించారు. 1912 అక్టోబరు 1న ఢిల్లీని పంజాబు నుండి విడదీసి చీఫ్ కమిషనరు పాలనలో ఉంచారు. స్వాతంత్ర్యానంతరం 1952లో శాసనసభ వచ్చినది, 1956లో పోయినది. 1991లో 69వ రాజ్యాంగ సవరణ ద్వారా మరల శాసనసభను అనుగ్రహించారు గాని శాంతిభద్రతలు, పోలీసు, భూమి కేంద్రం చేతిలోనే ఉన్నవి. అధికారుల నియామకాలు ఎవరివన్న వివాదం 2023లో సుప్రీంకోర్టు తీర్పునకు, ఆ వెంటనే కొత్త చట్టానికి దారితీసినది. మన బరంపురంలో 1894లో జన్మించిన శ్రీ వి.వి. గిరిగారు 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఆ నగరంలోనే వెలుగొందారన్నది పిల్లలు గుర్తుంచుకోవాలి.

రాజధాని ఎవరిదన్న ప్రశ్న తెలుగువారికి మరింత బాధ కలిగించినది. మద్రాసుపై హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచవచ్చునని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యగార్ల సంఘం సూచించినది. నగరం ఎవరికీ చెందకుండా కేంద్ర పాలనలో ఉండాలని కొందరు వాదించారు. ఆ వాదం నెగ్గలేదు. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరశన చేసి 1952 డిసెంబరు 15న మద్రాసులో అమరులైనారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా అవతరించినది. అక్కడ కార్యాలయాలు గుడారాలలో నడిచినవి. 1956లో హైదరాబాదు రాజధాని అయినది. 2014 విభజన వేళ హైదరాబాదును కేంద్రపాలిత ప్రాంతం చేయాలన్న కోరిక వినబడినది. చట్టం మాత్రం పది సంవత్సరాలకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచినది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసినది. అమరావతి కొరకు రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చి, సంవత్సరాల తరబడి నిరీక్షించారు.

ఇక మన సంగతి. మన తాత ముత్తాతలు ఈ ఇసుక నేలను విడిచి పోలేదు. ఇదే తీరాన పడవలు నడిపారు, వలలు లాగారు, ఇక్కడి రేవు నుండి రంగూనుకు ఓడలెక్కారు. వారి రాజధాని మాత్రం మారినది. 1936 మార్చి 31న మద్రాసు, మరునాటి ఉదయం కటకం! 1948లో శంకుస్థాపన జరిగిన పిదప భువనేశ్వరం. కొద్ది దూరంలోని ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలినది. ఇళ్ళు కదలలేదు, గీత కదిలినది.

గీత ఎక్కడ గీసినా దానికి అటు ఇటు కొందరు మిగిలిపోతారు. ఆ సత్యాన్ని మన రాజ్యాంగం గుర్తించినది. భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును 30వ అధికరణం ఇచ్చినది. ఆ వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగే వసతులు కల్పించాలని 1956లో చేర్చిన 350ఏ అధికరణం ప్రతి రాష్ట్రాన్నీ ఆదేశిస్తున్నది. ఇది మనపై ఎవరో చూపే దయ కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఒడియా పిల్లలకు కూడా ఇదే అధికరణం అండ. వారి బడి నిలవాలని మనం కోరినప్పుడే మన బడి నిలవాలన్న మాటకు న్యాయం ఉంటుంది.

కాని అధికరణం బడిలో కూర్చొనదు, పిల్లలు కూర్చోవాలి. ప్రతి సంవత్సరం చేరికల వేళ తల్లిదండ్రులు నన్ను అడుగుతారు, "తెలుగు చదివితే ఇక్కడ ఉద్యోగం ఎలా వస్తుందమ్మా?" అని. ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. నా సమాధానం ఇది. ఒడియా మనం నివసించే రాష్ట్ర భాష. దానిని చక్కగా నేర్వాలి. ఆంగ్లం కూడా అవసరమే. అయితే ఇంట తెలుగు వినే బిడ్డకు అక్షరం, లెక్క, ఆలోచన మొదట తెలుగులో అందితే ఆ బిడ్డ తక్కిన భాషలను భయం లేకుండా అందుకుంటాడు. పునాది వేయకుండా మేడ కట్టలేము గదా!

కనుక మూడు విన్నపాలు. తల్లిదండ్రులారా, కనీసం ప్రాథమిక తరగతులలో పిల్లలను మాతృభాషలో చదివించండి. రాత్రి భోజనానికి ముందు ఒక పుట బిగ్గరగా చదివించి వినండి. పూర్వ విద్యార్థులారా, మీరు ఏ నగరంలో ఉన్నా ఏటా కొన్ని మంచి తెలుగు పుస్తకాలు మన గ్రంథాలయానికి పంపండి. సహోపాధ్యాయులారా, ఒడియా బోధనలో మన పిల్లలు ఎవరికీ తీసిపోకుండా శ్రద్ధ వహించండి. పాఠ్యపుస్తకాలకు, ఉపాధ్యాయ నియామకాలకు అర్జీలు పెట్టే బాధ్యత నాది. వాటిపై మీ సంతకాలు కూడా ఉంటే బలం.

మనకు సొంతమైన రాజధాని లేదు, ఇకముందు రాబోదు కూడా. దానికి విచారించనక్కరలేదు. భువనేశ్వరం మనదే, ఢిల్లీ మనదే. ఈ బడి మాత్రం మన పిల్లలు వస్తేనే ఉంటుంది. వందేళ్ళ పండుగనాడు ఈ వేదికపై నిలిచే ప్రధానోపాధ్యాయుడో, ప్రధానోపాధ్యాయినో తెలుగులోనే మాట్లాడాలని, వినేవారు నిండుగా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకొంటున్నాను.