ముగ్గురు శ్రీపాదలు, ఒక అట్టపెట్టె
(రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

 

ఈ వారం పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పేముందు నేను మీ అందరి ముందూ ఒక తప్పు ఒప్పుకోవాలి.

మన సంఘం లైబ్రరీ సంగతి మీకు తెలిసిందే. పేరుకి లైబ్రరీ గానీ, నిజానికి ఒకరి గరాజ్‌లో నాలుగు ఇనప అలమరాలు. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులు సూట్‌కేసుల్లో మోసుకొచ్చినవీ, ఇల్లు మారేవాళ్ళు వదిలేసినవీ, పెద్దలు పోయాక పిల్లలు తెచ్చి ఇచ్చినవీ అలా అలా చేరాయి. మూడేళ్ళ క్రితం చోటు చాలక, వాటిని సర్దే పని నేను నెత్తినేసుకున్నాను. అప్పుడే రిటైరయ్యాను. చేతిలో టైముంది, కంప్యూటర్లో ఎక్సెల్ ఉంది. ఇంకేం కావాలి?

ఇక్కడి లైబ్రరీల పద్ధతే బావుంటుందని, మొదటి గడిలో 'లాస్ట్ నేమ్' పెట్టాను. సాయానికి ఇద్దరు హైస్కూలు పిల్లలు వచ్చారు. తెలుగు కూడబలుక్కుని చదువుతారు. పుస్తకం మీద రచయిత పేరులో ముందున్న మాట చదివి చెప్పేవారు, నేను టైపు కొట్టేవాణ్ణి. 'శ్రీపాద' దగ్గరికొచ్చేసరికి 11 పుస్తకాలు తేలాయి. "అంకుల్, ఈయనొక్కడే ఇన్ని రాశాడా?" అని ఒకడు అడిగాడు. "అవునురా, చాలా పెద్ద రచయిత" అన్నాను, ఎంతో తెలిసినవాడిలాగా.

ఒక్కో రచయితవి ఐదు పుస్తకాలుంచి మిగతావి తీసేద్దామని మేం ఒక నియమం పెట్టుకున్నాం. అందులో ఐదు ఉంచాను. అట్టలు ఊడినవీ, కాగితం పెళుసెక్కినవీ, ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకెళ్ళనివీ ఆరు తీసి అట్టపెట్టెలో వేసి, పాత సామాన్లు అమ్మే దుకాణానికి ఇచ్చేశాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఉంచిన ఐదూ నేను చదివినవి. తీసేసిన ఆరూ నేను ఎన్నడూ తెరవనివి.

నెల తిరక్కుండా ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళమ్మగారు పోయినప్పుడు ఆవిడ పుస్తకాలన్నీ మనకే ఇచ్చింది ఆ అమ్మాయి. "అంకుల్, మా పాప సంగీతం మొదలుపెట్టింది. అమ్మది సంగీత సౌరభం పుస్తకం ఒకటి మీ దగ్గరుండాలి. పాఠం చెప్పించుకున్నప్పుడు అమ్మ పెన్సిలుతో గుర్తులు పెట్టుకునేది. ఒకసారి తీసుకోవచ్చా? శ్రీపాద అని ఉంటుంది" అంది. ఎక్సెల్ తీసి చూశాను. శ్రీపాద అని ఉంది. పక్క గడిలో 'తీసేసినవి' అని ఉంది.

ఆ సాయంత్రమే దుకాణానికి పరిగెత్తాను. పెట్టె లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ పొరపాటు ఎలా జరిగింది? మన పేర్ల తీరే అలాంటిది. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడికొచ్చాక తిరగేసుకున్నాం. అది చాలదన్నట్టు, రచయితల్ని మనం పిలిచే పద్ధతికి ఒక లెక్కంటూ లేదు. గురజాడ, విశ్వనాథ, చిలకమర్తి, పానుగంటి అంటాం, అవన్నీ ఇంటిపేర్లు. వీరేశలింగం అంటాం, అది సొంత పేరు. చలం అంటే వెంకటచలంలో సగం. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావులోని రెండు శ్రీలు. మనకి అలవాటు కాబట్టి తడుముకోం. ఇక్కడ పుట్టిన పిల్లవాడికి మాత్రం పుస్తకం మీద కనిపించిన మొదటి మాటే రచయిత. నా విషయంలో ఆ పిల్లల తప్పేమీ లేదు. తెలిసిన నేనే చూసుకోలేదు.

ఆ పెట్టెలోకి పోయినవాటిలో ఒకటి హిందీ పుస్తకం. రాసినాయన శ్రీపాద దామోదర సాత్వలేకర్, వేదపండితులు. సంస్కృతం ఎవరికి వారే నేర్చుకునేందుకు రాసిన పుస్తకం అది. ఆయన మరాఠీవారు. వాళ్ళకి సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. అంటే ఆయన పేరులో శ్రీపాద అసలు ఇంటిపేరే కాదు! దాన్నీ అదే లెక్కలో కలిపేశాను.

ఆయన్ని పక్కన పెడితే, మిగిలిన పదింటిలో ముగ్గురు తెలుగువారున్నారు. ముగ్గురి ఇంటిపేరూ శ్రీపాదే. ముగ్గురూ మూడు లోకాలు.

మొదటివారు శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు. 1866లో పుట్టి 1960లో పోయారు. రాజమండ్రిలో ఉండేవారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి తర్వాత ఆస్థానకవి ఈయనే. భారతాన్ని తెలుగు చెయ్యడానికి మనకి నన్నయ, తిక్కన, ఎర్రన ముగ్గురు కావలసి వచ్చారు, పదకొండో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా పట్టింది. ఈయన భారతం, రామాయణం, భాగవతం మూడూ ఒంటిచేత్తో తెలుగులో రాశారు. బొబ్బిలి యుద్ధం మీద నాటకం కూడా రాశారు. నేను పెళుసెక్కిన కాగితం అని పారేసినవాటిలో మూడు ఈయన భారతంలోవే. ఇవాళ ఆ పద్యాలు గడగడా చదివేవాళ్ళు మనలో ఎంతమంది అంటే, నాకు నేనే చెయ్యెత్తలేను. కానీ చదవలేకపోవడం వేరు, ఎవరివో చూడకుండా పారెయ్యడం వేరు.

రెండోవారు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు. నేను ఉంచిన ఐదూ ఈయనవే. 1891లో గోదావరి జిల్లా పొలమూరులో పుట్టారు, 1961లో రాజమండ్రిలో పోయారు. అంటే ఇద్దరు శ్రీపాదలూ చాలాకాలం ఒకే ఊళ్ళో ఉన్నారన్నమాట! పెద్దాయన నడిచింది పద్యం దారి, పురాణం దారి. ఈయన మన వంటింట్లోకి, వీధి అరుగు మీదకి, జట్కాబండిలోకి వచ్చి కూర్చున్నారు. వైదిక కుటుంబం. వేదం, సంస్కృతం చదువుకోవలసినవాడు తెలుగు రాతల్లో పడితే చెడిపోయినట్టే అనుకునే రోజులు. ఆ పోరాటమంతా 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అనే స్వీయచరిత్రలో రాసుకున్నారు.

ఈయన కథల్లో ఆడవాళ్ళు మాట్లాడుకుంటూంటే మనం పక్కగదిలో ఉండి విన్నట్టుంటుంది. 'అరికాళ్ళకింద మంటలు' అనే కథలో చిన్నతనంలోనే భర్త పోయిన అమ్మాయి ఉంటుంది. ఇంటిల్లిపాది చాకిరీ ఆమెదే, ఇంటిల్లిపాది తిట్లూ ఆమెకే. చివరికి ఇల్లు దాటి జట్కా ఎక్కి, వీరేశలింగంగారి తోటకి పోనిమ్మంటుంది. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ చరిత్ర పాఠంలో చదివితే ఒక తేదీ. ఈ కథలో చదివితే ఒక పిల్ల ప్రాణం.

పిల్లలకి చెప్పడానికైతే 'వడ్లగింజలు' తీసుకోండి. తంగిరాల శంకరప్ప అనే పేదవాడు చదరంగం ఆడటానికి పెద్దాపురం సంస్థానానికి వస్తాడు. లోపలికి అడుగుపెట్టనివ్వడమే గగనం. ఆటలో ఏం జరిగిందో చెప్పను, చదువుకోండి. అడిగే బహుమానం మాత్రం చెబుతాను. బల్ల మీద మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా 64 గడులకీ. కథ అక్కడ ఆపి, మొత్తం ఎన్ని గింజలో లెక్కకట్టమని మీ పిల్లలకి కాగితం ఇవ్వండి. 20 అంకెల సంఖ్య వస్తుంది. మా మనవడు ఫోన్లో కాలిక్యులేటర్ తీశాడు, అది మధ్యలోనే చేతులెత్తేసింది. ఆ తర్వాత కథంతా చదివి వినిపించేదాకా వదల్లేదు.

ఇక మూడోవారు శ్రీపాద పినాకపాణిగారు. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలోని ప్రియాగ్రహారంలో పుట్టారు. 2013 మార్చిలో కర్నూలులో పోయారు. ఇంకొక్క ఐదు నెలలుంటే నూరేళ్ళు నిండేవి. వృత్తికి డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరుగా వైద్యవిద్యార్థులకి పాఠాలు చెప్పారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక సంగీత పాఠాలు. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి మహామహులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1984లో పద్మభూషణ్ వచ్చింది.

ఆయన 'సంగీత సౌరభం' నాలుగు సంపుటాలు తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించింది. తెరిస్తే కథ ఉండదు, పద్యం ఉండదు. స రి గ మ లు, వాటి కింద సాహిత్యం, మధ్యలో కామాలు, గీతలు. తెలియనివాళ్ళకి ఏదో కంప్యూటర్ ప్రోగ్రాములా కనిపిస్తుంది. ఒక స్వరాన్ని ఎంతసేపు నిలపాలో, ఎక్కడ కదిలించాలో గురువు ఎదురుగా కూర్చుని పాడి చూపిస్తే తప్ప తెలియని విద్యని, కాగితం మీద ఎంతవరకు పెట్టగలమో అంతవరకూ పెట్టే ప్రయత్నం అది. గురువు వెయ్యి మైళ్ళ దూరంలో ఉండి, వారానికోసారి కంప్యూటర్లో కనిపించే మన పిల్లలకి అలాంటి పుస్తకం ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. ఆ మిగిలిన భాగం, అంటే గురువు నోటి నుంచి వచ్చినది, ఆ పెద్దావిడ పెన్సిలుతో అంచుల్లో రాసుకున్నారు. నేను పారేసింది దాన్ని.

ఇంటిపేరు గురించి ఒక్క మాట. అది ఒకప్పుడు మనవాళ్ళు ఉన్న ఊరో, చేసిన పనో చెప్పవచ్చు. గురజాడ అంటే ఊరు, తాపీ అంటే గోడ కట్టేవాళ్ళ చేతి పనిముట్టు. కానీ ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన ఒకే కుటుంబమనీ లేదు, ఒకే కులమనీ లేదు. మా మనవడి క్లాసులో అదే ఇంటిపేరున్న పిల్ల ఇంకొకతె ఉంది. మీరిద్దరూ కజిన్సా అని టీచరు ప్రతి ఏడాదీ అడుగుతుంది. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మన పిల్లల్ని అలా ఒకే గాట కడితే మనకి ఎంత చిరాకో! మన రచయితలకి నేను చేసింది అదే కదా.

తర్వాత నేనేం చేశానంటారా? ఎక్సెల్ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు మొదటి గడిలో పుస్తకం పేరు, రెండో గడిలో రచయిత పూర్తి పేరు, మూడో గడిలో అది దేని గురించో ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం రాయాలంటే పుస్తకం తెరవక తప్పదు. ఎవరు ఇచ్చారో కూడా రాస్తున్నాం. ఏదైనా తీసేసేముందు వాళ్ళకి ఒక ఫోన్.

సంగీత సౌరభం ఆ సంపుటం కోసం హైదరాబాదులో మా బావమరిది పాత పుస్తకాల కొట్లన్నీ గాలించి పట్టుకున్నాడు. తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతికిచ్చాను. పాప నేర్చుకుంటున్న కీర్తన దగ్గర తెరిచింది. అంచులు తెల్లగా ఉన్నాయి. "పర్లేదు అంకుల్, మీరు ఇంత కష్టపడ్డారు" అంది. తిట్టినా బావుండేది.

అందుకే ఇవాళ ఈ మైకు ముందుకొచ్చాను. మూడేళ్ళ క్రితం మన ఊళ్ళో పాత సామాన్ల దుకాణంలో ఎవరైనా తెలుగు పుస్తకాలు కొన్నారేమో ఒకసారి ఇంట్లో చూడండి. లోపల సరిగమలుండి, అంచుల్లో నీలం పెన్సిలు గుర్తులుంటే రేడియోవారికి ఒక్క కబురు చెయ్యండి. డబ్బు అడిగినా ఇస్తాను, ఎక్కడికి రమ్మన్నా వస్తాను. భారతం సంపుటాలు దొరికినా సరే. ఈసారి మాత్రం తెరిచి చదువుతాను.