తెలియని నంబరు నుండి ఫోను – పంచాయతీ సభ్యులు చేయదగిన పని

(కామారెడ్డి జిల్లా రాజంపేటలో పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము ఊరిలో దొంగ పడినచో కుక్కలు మొరిగెడివి, నలుగురు కర్రలు పట్టుకొని లేచెడివారు. ఇప్పటి దొంగ గోడ దూకడు. ఫోను చేసి, "గారు" అని మర్యాదగా పలుకరించి, ఖాతాలోని పైకమును ఖాతాదారుని చేతనే పంపించుకొనును. పక్క గదిలోని వారికైనను చప్పుడు వినరాదు.

ముందుగా మా పొరపాటు ఒకటి ఒప్పుకొనవలెను. తెలియని నంబరునుండి, అందునను విదేశపు నంబరునుండి ఫోను వచ్చినచో ఎత్తవలదని మేము కొంతకాలము ఊరూర చెప్పుచు వచ్చితిమి. ఒకచోట ఒక ముసలమ్మ లేచి, "నా కొడుకు దుబాయిల ఉన్నడు సారూ, సిమ్ము మార్చినప్పుడల్ల కొత్త నంబరుతోనే చేస్తడు. ఎత్తకుంటె ఎట్ల?" అని అడిగినది. మాకు జవాబు తోచలేదు. గల్ఫు దేశములకు బిడ్డలను పంపని ఊరు ఈ ప్రాంతమున అరుదు. 971తో మొదలగునది దుబాయిది, 966 సౌదీది, 968 ఒమానుది అని ఇక్కడి తల్లులకు ఒకరు నేర్పనక్కరలేదు. కనుక ఫోను ఎత్తవచ్చును. ఎత్తిన పిమ్మట అవతలివాడు ఏమి అడుగుచున్నాడో కనిపెట్టవలెను.

నంబరులో కొంత గుర్తు లేకపోలేదు. వ్యాపార ప్రచారమునకు 140తోను, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు తమ ఖాతాదారులతో మాటలాడుటకు 1600తోను మొదలగు నంబరులను కేటాయించినారు. ప్రచారపు ఫోనులు వలదనుకొన్నవారు 1909కు తెలిపి నమోదు చేయించుకొనవచ్చును. అయినను మోసగాడు మామూలు నంబరునుండియే చేయును. వాట్సాపులో పోలీసు టోపీ బొమ్మ పెట్టుకొనుట వానికి ఎంత పని?

వాని కోరికలు మాత్రము మారవు. ఓటీపీ చెప్పుమనును, లేదా పిన్ను కొట్టుమనును. యూపీఐలో పైకము పంపుటకే పిన్ను కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికి చేరవలెను. మరొకడు పీఎం కిసాన్ పేరో, బ్యాంకు పేరో చెప్పి, చివర ఏపీకే అను అక్షరములు గల ఫైలును పంపును. దానిని తెరచి ఫోనులో ఎక్కించుకొన్నచో మన సందేశములన్నియు వాని కంట పడును. వడ్ల పైకము ఖాతాలో పడు దినములలో ఈ విషయమున మరింత మెలకువ అవసరము.

ఇంకొకడు భయపెట్టును. నీ పేర మత్తుపదార్థముల పార్సిలు పట్టుబడినది, నిన్ను "డిజిటల్ అరెస్టు" చేసితిమి, గది విడువరాదు, ఎవరితోను చెప్పరాదు అనును. అటువంటి అరెస్టు మన చట్టములలో ఎక్కడను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి సైతము తమ రేడియో ప్రసంగమున ఈ మాటనే చెప్పియున్నారు. నీ కొడుకు దుబాయి పోలీసుల చేత చిక్కెను, తక్షణము పైకము పంపుమను ఫోను వచ్చినచో, దానిని ఆపి కొడుకు పాత నంబరుకో, అక్కడనే యున్న మన ఊరివానికో ఫోను చేసి తెలిసికొనవలెను. నిజమైన అధికారి "ఎవరితోను చెప్పవద్దు" అనడు.

ఆ పిలుపు చేయువాడు సైతము ఒక్కొక్కప్పుడు మోసపోయినవాడే. విదేశమున కంప్యూటరు ఉద్యోగమని నమ్మి పోయిన యువకులను మయన్మారు, కంబోడియాలలో నిర్బంధించి, వారిచేత ఈ పని చేయించుచున్నారు. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దు నుండి 500కు మించిన భారతీయులను వాయుసేన విమానములలో స్వదేశమునకు తెచ్చిరి. వారిలో తెలంగాణ బిడ్డలును ఉన్నారు. మీ ఊరి యువకునికి ఇట్టి ఉద్యోగపు ఫోను వచ్చినచో, పంపు ఏజెంటుకు ప్రభుత్వపు అనుమతి పత్రము కలదో లేదో మీరే ముందుగా విచారింపుడు.

ఇక మీతో ముఖ్యముగా మనవి చేయదలచిన విషయము. పైకము పోయినవారు చెప్పుకొనరు. ఉపాధ్యాయులు, వైద్యులు కూడ మోసపోవుచుండగా, మన రైతు "ఊరు నవ్వును" అని రెండు దినములు లోలోన కుములును. ఇంతలో ఆ పైకము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు మారి, ఏటీఎంలో చేతికి పోవును. వెంటనే 1930కి ఫోను చేసినచో, పైకము చేరిన బ్యాంకుకు వార్త పోయి, అక్కడ మిగిలియున్న మొత్తమును నిలిపివేయుదురు. తొలి గంటకు గల విలువ మరునాటికి ఉండదు. నవ్వువారిని అదలించి, "పద, ఇప్పుడే ఫోను చేయుదము" అని పక్కన కూర్చుండువారు ఊరిలో ఒకరుండవలెను. ఆ ఒకరు వార్డు సభ్యులు కావలెనని మా కోరిక. పోగొట్టుకొన్నది స్త్రీ యైనచో మహిళా సభ్యురాలు పోవుట మేలు. భర్తకు తెలియునను భయముననే అనేకులు ఊరకుందురు.

ఫోను చేయునప్పుడు బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, పైకము పోయిన వేళ, లావాదేవీ సంఖ్య దగ్గర పెట్టుకొనవలెను. మోసగాని సందేశములను చెరపరాదు. నిలిపివేసిన పైకమును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు ఇప్పించు పద్ధతి 2024 నుండి తెలంగాణలో నడచుచున్నది. ఫిర్యాదు చేసినవారికి ఒక సంఖ్య నిత్తురు. దానిని ఫోనులోనే యుంచక, పంచాయతీ కార్యదర్శి వద్ద ఒక పుస్తకమున కూడ వ్రాయించుడు. నెలలు గడచిన పిమ్మట ఆ సంఖ్య కొరకు వెదకులాడుట మేము చూచియున్నాము.